దాఊజీ వాటా

"ఆకు ఎన్ని నీళ్లు కడిగావు?" అని అడిగాడు సక్సేనా.

"ఏడు."

"ఏడో నీళ్లు ఎలా ఉన్నాయి?"

చందో తలెత్తి చూసింది. నిన్న సాయంత్రం నాలుగున్నరకి లాకప్పులో వేసిన దగ్గర్నుంచి వచ్చినవాడల్లా మావగారిని ఎందుకు చంపావనే అడిగాడు. భంగాకు ఎలా కడిగావని అడిగిన మగవాడు ఇతనొక్కడే.

"తేటగా ఉన్నాయి బాబూజీ. సరిగ్గా కడక్కపోతే వెన్న చేదెక్కుతుంది. చేదెక్కితే మావగారు గిన్నె తీసి గోడకేసి కొడతారు."

"కొట్టారా ఎప్పుడైనా?"

"కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు. గోడకేసి కాదు." నుదుటి మీద కొంగు కాస్త వెనక్కి జరిపింది. కనుబొమ్మ పైన పాత మచ్చ ఉంది.

సక్సేనా దాన్ని చూసి పుస్తకంలో ఏమీ రాసుకోలేదు. అతనికి కావలసింది మచ్చలు కాదు, గంటలూ నిమిషాలూ. ముప్ఫై ఏళ్లు ఎక్సైజు శాఖలో ఉండి, జిల్లాలో ఉన్న భంగు దుకాణాలన్నీ తనిఖీ చేసిన మనిషి భగవత్ సక్సేనా. ఆకు నలిపి వాసన చూస్తే ఏ మడిలో పెరిగిందో చెప్పేవాడు. ఎనిమిదేళ్ల కిందట ఉద్యోగం ఊడింది. అప్పట్నుంచీ ప్రైవేట్ డిటెక్టివు. ఆ బోర్డు చూసి ఊరంతా నవ్వుకుంటుందని అతనికి తెలుసు.

"సోమవారం పొద్దున్నుంచి చెప్పు. ఒక్కటీ వదలొద్దు."

"ఆరింటికి ఆకు నానేశాను. కడిగి, పిండి, గుడ్డ మీద ఆరబోశాను. తొమ్మిదింటికి కుంపటి మీద వెన్న కరిగించి ఆకు వేశాను. సన్నటి సెగ మీద రెండున్నర గంటలు కలుపుతూ కూర్చున్నా. లేచామంటే మాడిపోతుంది. పదకొండున్నరకి పలచటి గుడ్డలో వడగట్టి జాడీలో పోశాను. పేరుకోవాలి కదా, మూత పెట్టకుండా వంటింటి అరుగు మీద వదిలేశా. పన్నెండింటికి పన్ను పీకించుకోడానికి ధర్మాసుపత్రికి వెళ్లాను."

అడక్కుండానే నోరు తెరిచి చూపించింది. కింది వరసలో ఎడమపక్క ఇంకా దూది ఉంది.

ఆస్పత్రి రిజిస్టరు సక్సేనా పొద్దున్నే చూసొచ్చాడు. చీటీ నంబరు అరవై ఒకటి. లోపలికి పన్నెండూ ముప్ఫై, బయటికి నాలుగూ పది. మధ్యలో ఆవిడ బల్ల మీంచి కదల్లేదని కాంపౌండరు చెప్పాడు. కదిలితే వరస పోతుంది.

"ఇంటికెప్పుడొచ్చావు?"

"నాలుగున్నరకి. మావగారు అప్పుడే ఘాట్ నుంచి వచ్చారు. అయిదింటికి క్యారెట్ హల్వాలో రెండు చెంచాల ఆ వెన్న వేసి ఇచ్చాను. రోజూ తినేదే. అరగంట దాటాక నోరు ఎండిపోతోందన్నారు. తర్వాత గాల్లో దారాలు ఏరుకోవడం మొదలెట్టారు, లేని దారాలు. ఎనిమిదీ పదికి..."

"ప్రాణం పోయింది. అది తెలుసు. దాఊజీ వాటా ఎవరు పెట్టారు?"

చందో కొంగు సరిచేసుకుంది. చందో అత్తింటివాళ్లు చౌబేలు, ఘాట్ పురోహితులు; వాళ్ల ఇళ్లలో ఏ పూట భంగు చేసినా మొదటి చెంచా దాఊజీది. కృష్ణుడి అన్నగారికి పెట్టకుండా ఆ ఇళ్లలో మనిషి నోట్లోకి చుక్క దిగదు. అది పెట్టేవరకూ జాడీకి మూత గుడ్డ కట్టరు.

"నేను పెట్టను బాబూజీ. నేను బయటి పిల్లని. చౌబేల్లో పుట్టినవాళ్లే పెట్టాలి. పదకొండేళ్లయింది ఆ ఇంటికొచ్చి, మా ఆయన పోయి రెండేళ్లయింది, ఈరోజుకీ ఆ గూట్లో చెయ్యి పెట్టనివ్వరు. వెండి గిన్నె కడిగి, తుడిచి, మావగారి అక్క జిజ్జీ మంచం పక్కన బోర్లించి వెళ్లాను. అంతే."

"వచ్చేసరికి?"

"గూట్లో ఉంది. నిండుగా."

"ఎవరు పెట్టినట్టు?"

"మావగారే." సమాధానం కొంచెం తొందరగా వచ్చింది. వెంటనే అడిగింది: "బాబూజీ, ఇంట్లో జిజ్జీ ఒక్కతే ఉందా? ఎవరైనా ఇంత వండి పెడుతున్నారా? ఆవిడకి పళ్లు లేవు, అన్నం మెత్తగా ఉండాలి."

"ఆవిడే నన్ను పంపింది. సాయంత్రానికల్లా ఇంటికి తీసుకొస్తానని మాటిచ్చి వచ్చాను."

చందో మొహంలో సంతోషం కనబడలేదు. సక్సేనా దానికి భయమని పేరు పెట్టుకుని బయటికొచ్చాడు.

వరండాలో ఇన్‌స్పెక్టర్ వీర్‌పాల్ తోమర్ గోడకానుకుని శనగలు నములుతున్నాడు.

"ఏం ఎక్సైజు సాబ్, వాసన తగిలిందా?"

"తగిలింది. నీ కేసు కుళ్లిన వాసన."

"కుళ్లనీ. నాలుగింటికి మేజిస్ట్రేటు ముందు పెడతాను, అయిదింటికి జిల్లా జైలు బండి ఎక్కిస్తాను. హత్య కేసులో లోపలికెళ్లిన ఆడది బయటికి ఎప్పుడొస్తుందో నీకు తెలియనిదా? జుట్టు నెరిసేదాకా రాదు." తోమర్ చెయ్యి దులుపుకున్నాడు. "పన్నెండున్నరకి జాడీ పట్టుకుని ఆ ఇంటికే వెళ్తున్నా, పంచనామాకి. రా, నీ విద్య కూడా చూద్దాం. దారిలో జాడీ నా ఒళ్లోనే ఉంటుందిలే. నీ పక్కన పెడితే సగం మాయమవుతుంది."

ఇద్దరు కానిస్టేబుళ్లు నవ్వారు. సక్సేనా పళ్లు కొరుక్కున్నాడు. ఎనిమిదేళ్ల కిందట, సీజు చేసిన భంగు మూట విప్పి సక్సేనా తింటుండగా నా కళ్లారా చూశానని విచారణలో ప్రమాణం చేసి చెప్పినవాడు ఈ తోమరే. అప్పుడు సబిన్‌స్పెక్టరు. ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఒక్క రవ్వ నాలుక మీద వేసుకోనివాణ్ని భంగుబోతుని చేసి ఇంటికి పంపారు. ఆ మంట ఇప్పటికీ చల్లారలేదు. నిజానికి చందో సంగతి ఎంతో, తోమర్ మొహం మాడ్చడం అంతే ముఖ్యం అతనికి. ఈ మాట ఎవరితోనూ చెప్పడు గాని, నిజం.

*

గజాధర్ చౌబే ఇంటి వాకిట్లో ఎండ పడుతోంది. నులకమంచం మీద జిజ్జీ కూర్చుని జపమాల తిప్పుతోంది. చచ్చిపోయినవాడికి అక్క. పదహారో ఏట ముండమోసి పుట్టింటికొచ్చేసింది, తల్లిలేని తమ్ముణ్ని చంకనేసుకుని పెంచింది. ఇప్పుడు డెబ్బై అయిదు. ఊళ్లో చిన్నా పెద్దా అందరికీ జిజ్జీయే.

"వచ్చావా లల్లా, నా తండ్రీ? నా కోడలు తిందా ఏమన్నా?"

"తింది." అబద్ధం. అడగడం మరిచిపోయాడు.

తోమర్ జాడీని అరుగు మీద పెట్టి గుడ్డ విప్పించాడు. పంచ్ సాక్షులుగా తెచ్చిన మనుషులిద్దరూ ముక్కులు మూసుకున్నారు. పైన వెన్న లేతాకు పచ్చ రంగులో గట్టిగా ఉంది, రెండు చెంచాల గుంట తప్ప. చందో ఏడు నీళ్ల మాట నిజమే, బాగా కడిగిన ఆకు రంగు అది. సక్సేనా ముక్కు దగ్గర పెట్టుకుని, వేలితో అంచు మీద గీసి నోటి దగ్గరికి తెచ్చాడు.

చేతి మీద ఛెళ్లున దెబ్బ పడింది. జిజ్జీ చేతికర్ర.

"లల్లా! చస్తావురా! కడుక్కో ముందు చెయ్యి, కడుక్కో!" ముసలావిడ మంచం మీంచి సగం లేచింది. చెంబుతో నీళ్లు తనే పోసింది.

"చూశావా, ముసలామెకున్న తెలివి నీకు లేదు," అన్నాడు తోమర్. జాడీ వంచి చూపించాడు. గాజు అడుగున ముదురు గోధుమరంగు పొర. "ఉమ్మెత్త గింజల పొడి. డాక్టరు చూసి చెప్పాడు. పైన తిన్నవాడు చచ్చాడంటే అడుగున ఉన్నది ఎంతో ఊహించుకో. వెన్న చేసింది ఎవరు? చందో. హల్వాలో వేసింది ఎవరు? చందో. ఇంకేం కావాలి నీకు?"

"పొడి అడుక్కి ఎలా దిగింది?"

"ఎలా దిగుతుంది? బరువుకి."

"గట్టిపడ్డ వెన్నలో ఎంత బరువున్నా దిగదు. కరిగి ఉన్నప్పుడు కలిపారు. జిజ్జీ, ఈ చలికి వెన్న ఎంతసేపట్లో పేరుకుంటుంది?"

జపమాల ఆగింది. "గంటన్నర. మరీ మంచు పడితే గంట."

"పదకొండున్నరకి పోసింది. ఒంటిగంటకి గట్టిపడింది. విషం పడింది ఆ గంటన్నరలోనే."

"అదే నేనూ అంటున్నా," అన్నాడు తోమర్. "పదకొండున్నరకి పోసింది, పోస్తూనే కలిపింది, పన్నెండింటికి పన్ను పట్టుకుని పారిపోయింది. నా కేసుకి నువ్వే మేకులు కొడుతున్నావు గురూ. థాంక్స్."

సక్సేనా అప్పటికే గూటి ముందుకెళ్లాడు. వంటింటి గోడలో జానెడు గూడు, అందులో నల్లరాతి దాఊజీ, ఎదురుగా వెండి గిన్నె. ఉసిరికాయ పట్టేంత గిన్నె. అంచుదాకా పచ్చటి వెన్న. సోమవారం నుంచీ మైల కాబట్టి ఎవరూ దీపం పెట్టలేదు, గిన్నె కదపలేదు. వెన్న పైభాగం అద్దంలా చదునుగా ఉంది. చెంచాతో పెళ్లగించి పెట్టిన వెన్న అలా ఉండదు. కరిగి ఉన్నప్పుడు పోసింది.

తోమర్ మొహం మాడ్చే అవకాశం ఇన్నేళ్లకి దొరికింది.

"తోమర్, ఇలా రా. ఈ వాటా ఇదే జాడీలోంచి తీసింది. చందో పన్నెండింటికి ఇల్లు వదిలేసరికి ఈ గిన్నె కడిగి బోర్లించి ఉంది. అవునా జిజ్జీ?"

"అవును. నా మంచం పక్కనే పెట్టి పోయింది."

"అంటే వాటా తీసింది పన్నెండు దాటాక. వెన్న గట్టిపడక ముందు. ఇందులో విషం ఉందనుకో, జాడీలో అప్పటికే విషం ఉన్నట్టు. చందోయే కలిపింది, నువ్వు గెలిచావు. ఇందులో విషం లేదనుకో, పన్నెండు దాటేదాకా జాడీ శుభ్రంగా ఉన్నట్టు. ఆ తర్వాత ఒంటిగంట లోపు ఎవరో కలిపారు. ఆ టైములో చందో ఆస్పత్రి బల్ల మీద అరవై ఒకటో నంబరు చీటీ పట్టుకుని కూర్చుంది."

తోమర్ మొహంలో నవ్వు పోయింది.

"బాగుంది. ల్యాబ్‌కి పంపుతా. మూడు వారాల్లో కాగితం వస్తుంది. అప్పటిదాకా ఆవిడ జైల్లో ఉంటుంది. లోపలికెళ్లాక ఆ కాగితం ఏ ఫైలు కింద పడుతుందో ఎవరికి తెలుసు?"

"ఇప్పుడే తేలాలి."

"ఇప్పుడెలా తేలుతుంది? కుక్కకి పెడదామా? దేవుడి వాటా కుక్కకి పెడితే బయట ఉన్న చౌబేలు మనిద్దర్నీ యమునలో ముంచుతారు." తోమర్ గొంతు తగ్గించాడు. "నీకంత నమ్మకం ఉంటే నువ్వే తినరాదూ? ఉమ్మెత్త అయితే గంటలోపు కళ్లు చెబుతాయి. నల్లగుడ్డు కన్నంతా నిండిపోతుంది. నేనూ చూస్తాను, సాక్షులూ చూస్తారు. లేదా నోరు మూసుకుని ఇంటికెళ్లు. ఆ పిల్లకి నువ్విచ్చిన మాట ఖరీదెంతో అందరికీ తెలుస్తుంది."

సక్సేనా గిన్నె చేతిలోకి తీసుకున్నాడు.

"వద్దు సాబ్!" అని ఒక సాక్షి కేకేశాడు. రెండోవాడు రెండడుగులు వెనక్కేశాడు. వాకిట్లో కానిస్టేబుల్ కూడా "రామ రామ" అన్నాడు.

జిజ్జీ మాత్రం మంచం మీంచి కదల్లేదు. "ఒరేయ్ లల్లా, వేలు పెట్టి ఎంగిలి చెయ్యకు. అది దేవుడిది. ఆ తులసాకు మీద వేసుకుని తీసుకో. సగం తిని సగం వదిలెయ్యకు, ప్రసాదం మిగల్చకూడదు."

తులసాకు మీద వేసుకుని తిన్నాడు సక్సేనా. యాభై ఎనిమిదేళ్ల వయసులో మొదటిసారి. నాలుక మీద గడ్డి వాసన, వెన్న కమ్మదనం, వెనకాల సన్నటి చేదు. మిగల్చకుండా తిన్నాడు. గడియారం చూశాడు. ఒంటిగంటా పది.

జిజ్జీ గిన్నె అందుకుని, బూడిదతో తోమి, కడిగి, గూట్లో బోర్లించింది. దేవుడి గిన్నె ఎంగిలితో ఉంచరు. ఎవరూ వద్దనలేదు. వద్దనాలని అతనికీ తోచలేదు, కడుపులో ఏం జరుగుతుందా అని చూసుకుంటున్నాడు.

ఒంటిగంటన్నరకి తోమర్ టార్చి వేసి కళ్లు చూశాడు. నల్లగుడ్డు ఆవగింజంత. రెండింటికి మళ్లీ చూశాడు. అంతే. నోట్లో తడి ఉంది. నాడి పరుగెత్తడం లేదు.

"ఏమంటావు ఇన్‌స్పెక్టర్ సాబ్?"

"ఏమంటాను. నువ్వే గెలిచావు." తోమర్ జాడీకి గుడ్డ కట్టించాడు. గుమ్మం దాకా వెళ్లి, ఇప్పుడే గుర్తొచ్చినవాడిలా ఆగాడు. "ఆ టైములో ఇంట్లో ఎవరున్నారంటావు?"

గెలిచిన సంతోషంలో సక్సేనా నాలుక కాస్త ముందు పరుగెత్తింది. "గజాధర్ ఘాట్ దగ్గరున్నాడు. తలుపు లోపల్నించి గడియ వేసి ఉంది. ఇంకెవరున్నారు, ముసలావిడ తప్ప?"

"అవును కదూ," అని తోమర్ జీపెక్కాడు. అప్పుడు టైము రెండూ అయిదు.

*

జీపు చప్పుడు వినబడనంత దూరం పోయాక సక్సేనా తన మాట తనే విన్నాడు. తిరిగి చూశాడు. జిజ్జీ జపమాల పక్కన పెట్టేసి, చేతులు ఒళ్లో పెట్టుకుని ఉంది.

"జిజ్జీ. నేను జాడీ అంచు నాకబోతే చేతి మీద కర్రతో కొట్టావు. గిన్నె గిన్నెంతా తింటే తులసాకు వేసుకోమన్నావు."

ఆవిడ కొంగు చివర వేలికి చుట్టుకుంది.

"అందులో ఏం లేదని నీకెలా తెలుసు?"

"తెలివైనవాడివని చెప్పారురా నీ గురించి," అంది. "ఇంత తెలివైనవాడివని చెప్పలేదు. ఏ దొంగవెధవనో పట్టుకొచ్చి, వీడే చేశాడని చెప్పి నా పిల్లని విడిపిస్తావనుకున్నా."

"నువ్వే పెట్టావు వాటా."

"ముందు దాఊజీకి తీశాను. యాభై తొమ్మిదేళ్లుగా తీస్తున్న చెయ్యి. దేవుడికి విషం ఎలా పెట్టనురా? ఆయనకి తీసి, గూట్లో పెట్టి, దణ్ణం పెట్టుకుని, అప్పుడు కలిపాను." కొంగుతో పెదాలు తుడుచుకుంది. "ఆ పూట తమ్ముడు అడుగుతాడేమో అనుకున్నా, తను రాకముందే ఎందుకు పెట్టావని. చూసి కూడా అడగలేదు. హల్వా మీదే ఉంది ధ్యాస."

"ఎందుకు చేశావు?"

"ఆ పిల్ల గది గడియ మూడుసార్లు ఊడింది. మొదటిసారి పాతదైపోయిందనుకున్నాం. రెండోసారి కోతి లాగిందన్నాడు తమ్ముడు. మూడోసారి వడ్రంగిని నేనే పిలిపించాను. వాడు చెక్క చూసి, తల దించుకుని, 'అమ్మా, ఇది బయటినుంచి గునపం పెట్టి ఊడదీసింది' అన్నాడు. అరవై ఏళ్లు నా తమ్ముడికి. కొడుకు పెళ్లాం. నేను ఉగ్గు పోసి పెంచిన చేతులు అవి." గట్టిగా దగ్గి మళ్లీ చెప్పింది. "నేను వెళ్లి దాని గదిలో పడుకున్నా. నెల్లాళ్లు పడుకున్నా. మొన్న ఆదివారం, 'ముసలిదానివి, చలికి ఆ గదిలో చస్తావు, నీ మంచం ఇటు మార్పిస్తా' అన్నాడు. కూలీలతో మాట్లాడేశాడు కూడా."

సక్సేనాకి తిట్టాలనిపించింది. ఎవర్నో తెలియలేదు. చచ్చినవాణ్నో, ఈవిణ్నో, చందో కనుబొమ్మ మీది మచ్చ చూసి కూడా ఏమీ రాసుకోని తననో. "మరి నిన్ననే చెప్పచ్చు కదా! అది లోపల కూర్చుంటే నాకు కబురెందుకు పంపావు?"

"చెబితే ఎందుకు చేశావంటారు. గడియ సంగతి చెప్పాలి. ఆ తర్వాత ఆ పిల్ల ఈ వీధిలో నీళ్లకి ఎలా వెళ్తుంది? చచ్చినవాడి మీద ఒక్క మాట పడదు లల్లా, పడేదంతా దాని మీదే. నాకు ఉరంటే భయం లేదు. ఆ మాటలంటేనే భయమేసింది."

"చందోకి తెలుసా?"

"దానితో నేనేమీ అనలేదు. కానీ వాడు గాల్లో దారాలు ఏరుతుంటే, నేను నీళ్లివ్వకుండా కూర్చోవడం అది చూసింది."

సక్సేనా ఆ మాట విన్నాడు. మళ్లీ విన్నాడు. ఎవరూ రెండోసారి అనలేదు గాని, అతనికి మాత్రం వినబడింది. ఎండ పసుపు మరీ ఎక్కువైంది. జపమాలలో పూసలు లెక్కపెట్టాలనిపించింది. ఇరవై ఏడు దాకా వచ్చేసరికి తను ఎందుకు లెక్కపెడుతున్నాడో మరిచిపోయాడు. అప్పుడర్థమైంది, ఇది విషం కాదు. ఉసిరికాయంత గిన్నెడు భంగు వెన్న, పరగడుపున, అలవాటు లేని కడుపులో.

"లే జిజ్జీ. లే. తోమర్ రెండింటికే వెళ్లాడు. చందోతో ఏం చెబుతాడో..." వాక్యం పూర్తి చెయ్యడానికి చాలాసేపు పట్టింది.

"వస్తాను. నేనే చెబుతాను. ఇంక దాచి ఏం లాభం."

రిక్షావాణ్ని తిట్టి తిట్టి తొక్కించాడు. దారి పొడుగునా నాలుక మందంగా కదులుతోంది. ఏ సందు దాటారో రెండుసార్లు అడిగాడు.

*

ఠాణా గడియారంలో మూడూ ఇరవై అయిదు. తోమర్ బల్ల మీద ఒక కాగితం, దాని మీద బరువుగా టార్చి.

"రండి జిజ్జీ, కూర్చోండి. సక్సేనా సాబ్, మీరూ. పడిపోయేట్టున్నారు."

"నేనే చేశాను," అంది జిజ్జీ నిలబడే. "ఉమ్మెత్త గింజలు నేనే నూరాను. నా కోడలికేం తెలియదు. రాసుకో."

"రాసుకున్నానమ్మా. మీ కోడలు చెప్పింది రాసుకున్నాను. రెండున్నరకి." కాగితం తిప్పి చూపించాడు. కింద చందో సంతకం, వంకర లేకుండా, బళ్లో దిద్దినట్టు. "పొద్దున్నంతా నోరు విప్పని మనిషి! వెళ్లి ఒక్క ముక్క చెప్పాను. సక్సేనా సాబ్ నిన్ను విడిపించేశాడు, దేవుడి వాటా తిని మరీ తేల్చాడు, ఇంక మిగిలింది ఇంట్లో ఉన్న ముసలావిడే, జీపు పంపుతున్నాను అన్నా. అంతే. నేనే కలిపాను, పోస్తూనే కలిపాను, రాసుకోండి అంది. మేజిస్ట్రేటు ముందు కూడా అదే చెబుతుందట."

"అబద్ధం," అన్నాడు సక్సేనా. "వాటా శుభ్రంగా ఉంది. నువ్వు చూశావు."

"ఏ వాటా?"

"గిన్నెలో..."

"ఏ గిన్నె? ఆ కడిగి బోర్లించిందా?" తోమర్ కుర్చీ ముందుకి లాక్కున్నాడు. ఎగతాళి లేదు, మామూలుగా, లెక్క చెప్పినట్టు చెప్పాడు. "ఇద్దరు ఆడవాళ్లు. ఇద్దరూ నేనంటే నేనంటున్నారు. కోడలి కోసం ముసలావిడ నెత్తిన వేసుకుంటోందంటాడు మేజిస్ట్రేటు, నేనైనా అదే అంటాను. ఎవరిది నిజమో తేల్చేది ఈ ప్రపంచంలో ఆ గిన్నెడు వెన్న ఒక్కటే. అది ల్యాబ్‌కి వెళ్లుంటే మూడు వారాల తర్వాతైనా మాట్లాడేది. అదిప్పుడు ఎక్కడుంది?"

సక్సేనా చెయ్యి తెలియకుండానే కడుపు మీదికి వెళ్లింది.

"సాక్షులున్నారు," అన్నాడు.

"నా మనుషులు. వాళ్లకేం గుర్తులేదు. నాకూ లేదు. నీకొక్కడికే గుర్తుంది. కోర్టులో చెప్పు, సీజు చెయ్యాల్సిన భంగు నేనే తిన్నానని చెప్పు. ఎనిమిదేళ్ల కిందటి ఫైలు నేను పట్టుకొస్తా." సక్సేనా కళ్లలోకి టార్చి వేశాడు. "ఎర్రగా ఉన్నాయి. విచారణ నాడు నిన్ను భంగుబోతువని చెప్పి తప్పు చేశానా అని అప్పుడప్పుడు అనిపించేది. ఇవాళ్టితో ఆ బెంగ తీరింది."

లాకప్పు తలుపు తెరిచిన చప్పుడైంది. చందోని ఇద్దరు ఆడ కానిస్టేబుళ్లు తీసుకొస్తున్నారు.

సక్సేనా లేచాడు. చెప్పవలసింది అంతా వరసగా ఉంది: పన్నెండు, ఒంటిగంటా పది, చదునైన వెన్న, తులసాకు. నోరు తెరిచాడు. లోపల్నుంచి నవ్వొచ్చింది.

ఆపుకున్నాడు. పళ్లు బిగపట్టాడు. మళ్లీ వచ్చింది, ఈసారి పొట్ట పట్టుకునేంతగా. ఎందుకో తెలియదు. నవ్వడానికి లోపల ఏమీ లేదు, ఏడుపు తప్ప. అయినా ఠాణా గోడలదిరేలా నవ్వుతున్నాడు. భంగు తిన్నవాళ్లు ఇలా నవ్వుతుంటే ముప్ఫై ఏళ్లు చూసినవాడు, కేసులు రాసినవాడు.

చందో ఆగి అతన్ని చూసింది. కోపం లేదు, ఆశ్చర్యమూ లేదు. జిజ్జీ కాళ్లకి దణ్ణం పెట్టింది. ముసలావిడ రెండు చేతులా దాని తల పట్టుకుని, "ఎందుకే, ఎందుకు చెప్పావే, నేనున్నాను కదే," అంటోంది.

"గదికి కొత్త గడియ వేయించు జిజ్జీ," అంది చందో. "ఒక్కదానివే ఉంటావు."

ఆడ కానిస్టేబులు జబ్బ పట్టి లాగింది. జీపు స్టార్టయింది.

"రైటర్, టైము రాసుకో," అన్నాడు తోమర్, టోపీ పెట్టుకుంటూ. "మూడూ నలభై. ముద్దాయి తరఫు డిటెక్టివు భంగు మత్తులో ఠాణాకి వచ్చాడు. మాట్లాడే స్థితిలో లేడు. నవ్వుతున్నాడు."

జిజ్జీ సక్సేనా చొక్కా రెండు పిడికిళ్లతో పట్టుకుని ఊపుతోంది. "చెప్పరా లల్లా! వెళ్లిపోతోంది, చెప్పరా!"

అతని కళ్లవెంట నీళ్లు ధారగా కారుతున్నాయి. జీపు గేటు దాటింది. అతను ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.